బత్తి ఆరితే వచ్చే దయ్యం

ఈరోజు పాత సామాన్ల కొట్లో గని టోపీ ఒకటి కనిపించింది. లోపల ఇంకా అదే చెమట, బొగ్గు వాసన. గోదావరిఖనిలో పదో తరగతప్పుడు మనం తీద్దామనుకున్న దయ్యం సినిమా గుర్తుందా దోస్తులూ? కెమెరా లేదు కానీ కథ ఉంది. గనిలో టోపీ మీది బత్తి ఆరగానే దయ్యం వస్తుంది.

నిజంగా వస్తుందా అని, డ్యూటీకి బయల్దేరుతున్న కాకను, అంటే మన యోహాను వాళ్ల నాన్నను, అడిగాం. ఆయన తమ్ముడు ఆ ఏడే గని పైకప్పు కూలి చనిపోయాడు.

"రాదు బిడ్డా," అన్నాడు కాక. "మా తమ్ముడు పోయిన జాగల కూసొని రోజూ బత్తి ఆర్పి పిలుస్త. ఒక్కనాడన్న రాలే."

టోపీ పెట్టుకొని షిఫ్టుకు వెళ్లిపోయాడు. మన సినిమాలో ఆ తర్వాత చూపించడానికి ఇంకేమీ మిగల్లేదు.