గొంతు తీసిన మర్నాడు రాసిన కాగితం

పోయిన వారం మా మనవరాలికి టాన్సిల్స్ తీయించేం. పొద్దున్న తీసుకెళ్లి సాయంత్రానికి ఇంటికి తెచ్చేసేం. ఇప్పుడివన్నీ సులువైపోయేయి. చెవిలో గుమిలి తీయడం, ముక్కులో పెరిగిన కండ కోయడం డాక్టరు తన గదిలోనే కుర్చీలో కూచోబెట్టి కానిచ్చేస్తున్నాడు. టాన్సిల్స్‌కి మత్తు ఇవ్వాలి కాబట్టి ఆసుపత్రి మంచం ఎక్కాలి, అంతే తేడా. లోపలికి తీసుకెళ్లేముందు నర్సు మా అమ్మాయిని పక్కకి పిలిచి, "దీదీ, పిల్లకి ఏమీ చెప్పకండి, ఐస్‌క్రీమ్ తినడానికొచ్చేం అనండి చాలు" అంది. నేను ఊరుకోలేదు. పిల్లని ఒళ్లో కూచోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేను. గొంతులో రెండు ఉండలు కోసేస్తారు, లేచేక మంటెడతాది, నాలుగురోజులు మాట సరిగా రాదు, తర్వాత వస్తాది అని. "పక్కా వస్తుందా నానీ?" అంది. "నీకు వస్తాది" అన్నాను. మా అమ్మాయి కిటికీవైపు తిరిగిపోయింది. వాళ్ల నాన్న, అదే మా ఇంటాయన, గుర్తొచ్చేడని నాకు తెలుసు.

మా ఇంటాయన శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరొచ్చి ఉక్కు ప్లాంటులో చేరేడు. రోలింగ్ మిల్లులో క్రేన్ కింద నిలబడి, పైనున్న డ్రైవరుకి చేత్తో సైగలిచ్చే ఖలాసీ. పిడికిలి పైకెత్తితే ఆగు, అరచెయ్యి ఊపితే దించు. ఆ మోతలో పక్కోడు చెవిలో అరిచినా వినపడదట. హిందీ మాటైనా తెలుగు మాటైనా, చేతులూ మూతులూ చూసుకునే పని జరిగిపోయేదట. పదేళ్లు తిరక్కుండా చెవులు పోయేయి. సెక్టర్ ఆరులో మా వరస క్వార్టర్లన్నిట్లో అదే గోల. "కూర ఎలాగుందీ" అని అడగాలన్నా మేం అరవాల్సిందే. కొత్తగా వచ్చినోళ్లు మొగుడూ పెళ్లాం కొట్టుకుంటన్నారనుకుని తలుపు కొట్టేవోళ్లు. బయట ఎవరేం చెప్పినా ఆయన నావైపు తిరిగి "ఏటంతన్నాడే?" అనడం, నేను తెలుగులో గట్టిగా అరిచి చెప్పడం. మా కాపురం అలాగే సాగింది.

అలాంటి ఇంట్లో గొంతు బొంగురుపోతే ఎవరు పట్టించుకుంటారు? ప్లాంటు గొంతు అనుకున్నాం. అరిచి అరిచి, బీడీలు కాల్చి, దుమ్ము మింగి, మా మొగోళ్లందరి గొంతులూ అలాగే ఉండేవి. ఎనిమిది నెలలు మిరియాల కషాయం తాగించేను. అది నా తప్పు. రిటైరయ్యేక ఒకరోజు ఉమ్మిలో రక్తం కనపడితే చెవీ ముక్కూ గొంతూ చూసే డాక్టరు గదికెళ్లేం. ఆయన ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి, గొంతులో గడ్డని టీవీలో చూపించేడు. తర్వాత పెద్దాసుపత్రిలో ముక్క తీసి పరీక్షకి పంపేరు.

ఫలితం వచ్చిన రోజు పెద్దడాక్టరు మా ఎదురుగా కూచుని హిందీలో నిదానంగా చెప్పేడు. మాట వచ్చే పెట్టె మొత్తం తీసేయాలి, మెడకి కన్నం పెడతాం, ఊపిరి అందులోంచే, మునుపటి గొంతు ఇంక రాదు. ఈయన మామూలుగానే నావైపు తిరిగేడు. "ఏటంతన్నాడే?"

నేను ఆయన చెవిలో అరిచేను. "గడ్డ తీసేస్తారట! తగ్గిపోతాదట!"

డాక్టరుకి తెలుగు రాదు. నేను అంతా చెప్పేననుకుని తలూపేడు. ఈయన కాగితం మీద సంతకం పెట్టేడు, పక్కన నేను వేలిముద్ర వేసేను. ఎందుకు దాచేనంటే, మాట పడిపోయిన మనిషినొకణ్ణి చూసి, "అలా బతికేకంటే రైలు కింద పడతాను" అని ఆయన ఒకసారి అన్నాడు. అన్నాడంటే చేస్తాడు.

ఆపరేషన్ ముందురోజు మధ్యాహ్నం ఆయన వదలకుండా మాట్లాడేడు. మామూలుగా రోజుకి పది మాటలైనా ఆడని మనిషి. ఈ ఊరొచ్చిన కొత్తలో రాత్రి ఆకాశంలో ఇనుము కాలే ఎరుపు చూసి ఊళ్లు తగలబడుతున్నాయనుకున్న సంగతి, పెళ్లిలో మా అక్క తనని చూసి "పొట్టోడు" అన్న సంగతి. బొంగురు గొంతుతోనే చర్చిలో పాడే పాట కూడా ఎత్తుకున్నాడు. భయానికి వాగుతున్నాడనుకున్నాను. "ఇంక ఊరుకోవయ్యా, నొప్పెడతాది" అని కూడా కసిరేను.

మర్నాడు గొంతు తీసేసేరు. ఆ మర్నాడు నర్సుని సైగతో పెన్సిలడిగి, మందుల చీటీ వెనకాల నాలుగు వరసలు రాసి నా చేతిలో పెట్టేడు. నాకు అక్షరం ముక్క రాదు. మా అమ్మాయికి హిందీ తప్ప చదవడం రాదు. ఆయనకి తెలుగు తప్ప రాయడం రాదు. మా చర్చి పాస్టరమ్మగారు తెలుగు చదవగలరు గాని, మొగుడు నన్ను తిట్టిన తిట్లు ఆవిడ నోట వింటానా? మోసం చేసేవని రాసుంటాడు, ఇంకేం రాస్తాడు? మడిచి ట్రంకుపెట్టెలో అడుగున పెట్టేసేను.

ఇంటికొచ్చేక కొన్నాళ్లు క్రేను సైగలతోనే గడిపేం. అన్నం దించు, నీళ్లు ఎత్తు, చాలు ఆపు. ఊపిరి మెడలోంచి కదా, వాసన కూడా పోయింది. ఎండుచేప మాడిపోతున్నా పొయ్యి పక్కనే కూచునుండేవోడు. కానీ సైగలతో ఎంతకని? ఒకరోజు పలక కొనుక్కొచ్చి నా ముందు పెట్టేడు. మాట రాని పంతులు, చెవులు లేని పంతులు, యాభై దాటిన పిల్ల. అ రాసి, ఆ అక్షరంతో మొదలయ్యే అద్దం చూపించేవోడు. నేను పలికితే నా పెదాలు చూసి, సరిగ్గా ఉంటే బల్ల మీద ఒక దెబ్బ, తప్పయితే రెండు. దీర్ఘాలు, గుణింతాలూ నేర్పేడు. ఇదంతా ఆ కాగితం కోసమేనని అప్పుడైనా నా బుర్రకి తట్టలేదు.

ఒకసారి 'ఆ కాగితం ఏదీ' అన్నట్టు చేత్తో అడిగేడు. "పారేసేను" అన్నాను. చదివి వినిపించమంటాడని భయం. ఆయన పిడికిలి పైకెత్తి, పలక తుడిచేసేడు. మళ్లీ రాయొచ్చు కదా అని మీరంటారు. నేనూ అంటాను. రాయలేదు.

వత్తుల దాకా రాకుండానే రోగం తిరగబెట్టింది. రెండేళ్లు బతికేడు, అంతే. వత్తులు నేను పక్కనే మరోదాలో ఉన్న మా తెలుగు చర్చిలో ఆదివారం పిల్లల పక్కన కూచుని నేర్చుకున్నాను. మూడో ఏడు, క కింద ట వత్తు పట్టుబడ్డాక, పెట్టె తెరిచేను. పెన్సిలు గీత మాసిపోయింది గాని చదవగలిగేను.

"డాక్టరు నోరు చూసేను. గొంతు పోతాదని తెలిసే సంతకం పెట్టేను. నువ్వు దాచడం కూడా చూసేను. నా గొంతు నీకుంటాదనే మొన్నంతా మాట్లాడేను, బెంగెట్టుకోకు."

మనవరాలికి అయిదో రోజుకే మాట వచ్చేసింది. వరండాలోంచి నానీ, నానీ అని ఒకటే అరుపు. ఆయన రాసిన నాలుగు వరసలు నాకు చేరడానికి మూడేళ్లు పట్టింది. అందులో రెండేళ్లు ఆయన నా ఎదురుగానే కూచున్నాడు.