ఈసారి మా పెట్టెలు ఎవరింట్లో?

మా ఎదురింటి పై వాటా టీచరమ్మ సోమవారం పొద్దున పోయారు. వయసైపోయింది కదా అంటున్నారు అందరూ. వింటుంటే నాకు ఒళ్ళు మండుతోంది. నిరుడు నడుంలోతు మురికినీళ్ళలో తిరిగిన నాటి నుంచి ఆమె దగ్గు తగ్గలేదని మా గల్లీలో తెలియనిదెవరికి?

నారాయణగూడ బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారామె. అశోక్‌నగర్‌లో నాలా అనే పెద్ద మురుక్కాలువ పక్క గల్లీ మాది. పెద్ద వాన పడితే నాలా పొంగి కింది వాటాల్లోకి వచ్చేది. అందుకే ఆమె ఒక కట్టుబాటు పెట్టారు. ఏటా వానలు తెచ్చే మిర్గం కార్తెకు ముందే కింది ఇళ్ళవాళ్ళు బియ్యం, దుప్పట్లు, కాగితాలు ట్రంకుపెట్టెలో సర్ది ఎవరో ఒకరి మేడమీద పెట్టాలి. నీళ్ళొస్తే ఆ ఇంటికే ఎక్కాలి. ఎవరికి ఏ ఇల్లో ఆమే చెప్పి, ఆ మేడలవాళ్ళను ఒప్పించేవారు. ఎండాకాలంలో చిక్కడపల్లి కూరగాయల బండి దగ్గర కనిపించినా కుశలం అడగరు, "పెట్టె ఎక్కిందా?" అంటారు. ఉద్యోగ పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లల సర్టిఫికెట్లు ఆమె మంచం కిందే ఉండేవి. "గవి తడిస్తే ఊరికి ఏం మొఖం పెట్టుకోని పోతర్రా?" అనేవారు.

నిరుడు నాలాకు గోడ కట్టారు. వార్డు నాయకుడు కొబ్బరికాయ కొట్టి, ఇక చుక్క నీరు రాదన్నాడు. మేడలవాళ్ళకు అంతే చాలు, పెట్టెలన్నీ దింపించారు.

"గోడ నాలాను ఆపుతది సరే. గల్లీల పడ్డ వాన ఎటు పోతది? తూములేవి?" అని టీచరమ్మ ఆఫీసుల చుట్టూ తిరిగారు. "మీకెందుకమ్మా పరేషాన్, ఇంట్ల కూసోండ్రి" అని నవ్వి పంపించారు, సిగ్గులేని మనుషులు.

మొదటి పెద్ద వానకే గల్లీ తొట్టిలా నిండింది. మేడల మెట్ల గేట్లకు తాళాలు. ఆ వయసులో నీళ్ళలోకి దిగి, "తియ్యుండ్రి, పిల్లలున్నరు!" అని ఒక్కో గేటూ బాది తీయించారామె. మా అమ్మ బతికిందంటే ఆమె వల్లే.

నిన్న గల్లీలోనే సంతాప సభ. ఆ నాయకుడే ఫొటోకు దండవేసి సేవామూర్తి అన్నాడు. నేను లేచాను. "గదంత సరే. ఆమె వాటాకు కొడుకు తాళమేసిండు. మిర్గం వస్తున్నది. ఈసారి మా పెట్టెలు ఎవరింట్ల పెట్టాలె?"

"జర ఆగన్నా, గిప్పుడా గీ ముచ్చట?" అన్నాడు నాయకుడు.

అంతలో చినుకులు మొదలయ్యాయి. మేడలవాళ్ళంతా ఆరేసిన బట్టలు తీసుకోవడానికి గబగబా లేచి వెళ్ళిపోయారు. కింది వాటాలవాళ్ళం మాత్రం ఆకాశం వంక చూస్తూ అక్కడే కూర్చున్నాం.