పందొమ్మిదని చెప్పిన పిల్ల

ఆర్మూరులో పసుపు ఆరబోసిన కళ్లాల పక్కనుంచి బడికి పోయే పిల్లల్లో కృప అందరికన్నా ఆలస్యంగా బయలుదేరి అందరికన్నా ముందు చేరేది. పొద్దున్నే నీళ్లు పట్టి, అన్నం వార్చి, పసుపు ఏరే కూలికి తల్లి రత్నవ్వను సాగనంపి, గంట కొట్టేలోగా గేటు దాటాలంటే పరుగు తప్ప మరో దారి లేదు. ఆ పరుగును మొదట పట్టించుకున్నవాడు వ్యాయామం చెప్పే జయరాజ్ సారు. ఎనిమిదో తరగతిలోనే ఆమెను కబడ్డీ జట్టులోకి తీసుకున్నాడు.

ఇద్దరిదీ ఒకటే చర్చి. ఆదివారం ఆరాధనలో సారు హార్మోనియం వాయిస్తుంటే కృప ఆడవాళ్ల వరసలో కూర్చుని పాడేది. ఆమె తండ్రి జాన్ మార్కెట్లో హమాలీ. కృప పదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం లారీ నుంచి బస్తా దింపుతూ కూలబడ్డాడు. దవాఖానకు చేరేలోగానే ప్రాణం పోయింది. ఆ రోజు పెట్టె చేయించిందీ, గుంత తవ్వించిందీ, పెట్టెకు అందరికన్నా ముందు భుజం పట్టిందీ జయరాజ్ సారే.

"పిల్లను బడి మాన్పియ్యకు రత్నవ్వా. దాని ఫికర్ నాకిడిసిపెట్టు" అన్నాడు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో బైబిలు తర్వాత సారు మాటే.

కృప పది పాసై, ఇంటరు పూర్తి చేసి, డిగ్రీలో చేరింది. సాయంత్రాలు మాత్రం పాత బడి మైదానానికి వచ్చి సారు దగ్గర ఆడుతూనే ఉండేది. ఆ రోజుల్లోనే సారు హైదరాబాదులో వారం రోజుల శిక్షణకు పోయి, వస్తూ వస్తూ ఒక వింత బంతి తెచ్చాడు. ఆడపిల్లలంతా చుట్టూ మూగారు.

"గిదేంది సార్, కోడిగుడ్డు లెక్కున్నది?"

"రగ్బీ అంటరు. మీ కబడ్డీకి పెద్దక్క అనుకోండ్రి."

సారు చెప్పింది వాళ్లకు తొందరగానే తలకెక్కింది. బంతిని చంకన పెట్టుకుని ముందుకు ఉరకాలి. ఇంకొకరికి ఇవ్వాలంటే మాత్రం వెనక్కే విసరాలి. అవతలివాళ్లు నడుం పట్టి పడేస్తారు. వాళ్లను తప్పించుకుని గీత దాటి బంతిని నేలకానిస్తే దాన్ని ట్రై అంటారు, ఐదు పాయింట్లు. ఆ వెంటనే బంతిని గుంజల మధ్య నుంచి తన్నితే ఇంకో రెండు. జట్టుకు ఏడుగురు ఆడే పద్ధతిలో సగానికి ఏడు నిమిషాలే ఆట. కబడ్డీలో కూతకు పోయి నలుగురి చేతుల్లోంచి జారి వచ్చిన కృపకు ఇది నీళ్లు తాగినంత సులువైంది. ఏడాది తిరిగేసరికి రాష్ట్రం జట్టులో చోటు దొరికింది. ఇంకో ఆరు నెలలకు, అంటే రెండువేల ఎనిమిదిలో, పుణెలో ఎనిమిది దేశాల యువతుల పోటీ జరగబోతోందనీ, దేశం జట్టు ఎంపికకు కృపను పిలిచారనీ సారు కబురు తెచ్చాడు.

దరఖాస్తు ఇంగ్లీషులో ఉంది. సారు స్కూటరు సీటు మీద పెట్టి, తానే నింపి, ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించాడు. కృప పెట్టింది.

"ఎన్నేండ్లోళ్లు ఆడొచ్చు సార్?" అని అడిగింది.

"జూనియర్లు. ఇరవై లోపల. నీకేం ఫికర్ లేదు."

తనకు పందొమ్మిది. ఫికర్ ఎందుకుంటుంది?

జట్టులోకి తీసుకున్నారు. పుణె శిబిరంలో మిగతా పిల్లలంతా తనకంటే కొంచెం చిన్నగా కనిపించారు. తానే పెద్దదాన్నేమో అనుకుంది తప్ప ఇంకో ఆలోచన రాలేదు. జట్టు మేనేజరు గంగాబాయి బోధన్ వైపు మనిషి. ఒకప్పుడు కబడ్డీ ఆడి, రైల్వేలో నౌకరీ సంపాదించుకుని పుణెలో స్థిరపడింది. పరాయి ఊళ్లో మన మాట వినబడేసరికి కృపకు పుట్టింటికొచ్చినట్టయింది.

మొదటి రెండు రోజులు గ్రూపు ఆటలు. మూడో రోజు నుంచి నాకౌట్లు. ఓడినవాళ్లు పెట్టె సర్దుకోవలసిందే. క్వార్టర్ ఫైనల్లో శ్రీలంకతో ఆట. ఇంకో నిమిషం ఉందనగా శ్రీలంక పది, మనవాళ్లు ఏడు. కుడిపక్క గీతకు ఆనుకుని నిలబడ్డ కృప చేతికి బంతి వచ్చింది. మొదటి పిల్ల చెయ్యి తుంటికి తగిలి జారిపోయింది. రెండో పిల్ల జెర్సీ పట్టుకుంది. గుడ్డ చిరిగిన చప్పుడైంది కానీ కృప ఆగలేదు. నలభై గజాలు ఉరికి, గీత అవతల బంతితోపాటే నేల మీద పడింది. లేచి చూస్తే పన్నెండు పది. జట్టంతా వచ్చి మీద పడ్డారు. గంగాబాయి మైదానం అంచున చెప్పులు చేతబట్టుకుని గంతులేస్తోంది.

ఆట అయ్యాక ఒక పత్రికమ్మాయి వచ్చి హిందీలో పలకరించింది. పేరు, ఊరు అడిగింది. ఆర్మూరంటే ఎక్కడని అడిగితే, పసుపు పండే చోటని కృప నవ్వుతూ చెప్పింది. వయసెంతని అడిగింది.

"ఉన్నీస్" అంది కృప, పందొమ్మిదని.

ఆ అమ్మాయి కలం ఆగింది. ఇది పద్ధెనిమిది లోపు పోటీ కదా అని నిర్వాహకుల దగ్గరికే పోయి అడిగింది. ఆ మాట శ్రీలంక జట్టు చెవిన పడటానికి ఎంతో సేపు పట్టలేదు. గంట తిరక్కుండానే రాతపూర్వకంగా ఫిర్యాదు వచ్చింది.

కృపను ఆఫీసు గదిలోకి పిలిచారు. బల్ల వెనక ముగ్గురు పెద్దమనుషులు, పక్కన గంగాబాయి. బల్ల మీద కృప చదువుకున్న బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం. పందొమ్మిదివందల తొంభై ఒకటి, మార్చి అని ఉంది.

"మేడం, నేను ఎనభై తొమ్మిదిల పుట్టిన" అంది కృప. "గా రాత మా సారుది. జరంత తప్పు పడ్డట్టున్నది. ఆయననే అడుగుండ్రి, చెప్తడు."

ఆ నిమిషంలో ఆమెకు భయం లేదు. సారు ఒక్క మాట చెబితే ఈ ముడి విడిపోతుందనే అనుకుంది. నంబరు తానే చెప్పింది. గంగాబాయి తన ఫోను నుంచి కలిపి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. తానెవరో, సంగతేమిటో చెప్పింది.

అటునుంచి జయరాజ్ సారు గొంతు వచ్చింది. చర్చిలో వాక్యం చదివే నిదానమైన గొంతు.

"నాకేం తెల్వది మేడం. గా కాయితం పిల్లనే తెచ్చింది. నేను చూసి పంపిన, గంతే. తండ్రి లేని పోరి, కూలోళ్ల ఇల్లు... ఆశకు పోయి చేసిందేమో. మాఫ్ చెయ్యుండ్రి."

కృప బల్ల మీదికి వంగింది.

"సార్. నేను, కృపను. ఈడనే ఉన్న."

ఫోను కట్టయింది. గంగాబాయి మళ్లీ కలిపింది. మోగి మోగి ఆగిపోయింది. మూడోసారి స్విచ్చాఫ్.

పెద్దమనుషులకు ఇంక ఆలోచించవలసింది లేకపోయింది. గెలుపు రద్దు. సెమీఫైనల్‌కు శ్రీలంక. కృప మీద ఏడాది నిషేధం. గంగాబాయి ఎంతో వాదించింది. దరఖాస్తు కింద ఉన్న సంతకాన్ని వాళ్లు చూపించారు. అది కృపదే.

మర్నాడు పొద్దున సెమీఫైనల్ ఈలలు హాస్టలు దాకా వినిపిస్తుంటే పిల్లలు సంచులు సర్దుకున్నారు. ఎవరూ కృపతో మాట్లాడలేదు. చివరికి కెప్టెన్ పిల్ల గుమ్మంలో ఆగి ఒక్కటే అడిగింది, "తూ బోలీ క్యోం?" ఎందుకు చెప్పావని. అబద్ధం ఎవరు రాశారని కాదు, నిజం ఎందుకు చెప్పావని.

ఆమె ఊరు చేరేసరికే పత్రిక చేరింది. జిల్లా పేజీలో ‘వయసు దాచిన ఆర్మూరు క్రీడాకారిణి’ అని ఫొటోతో సహా. టీ కొట్టు దగ్గర ఒకాయన, "పదిహేడని చెప్తే నీ సొమ్మేం పోతుండె పిల్లా?" అని జాలిపడ్డాడు. కాలేజీలో పిల్లలు కనబడ్డప్పుడల్లా "నీకెన్నేండ్లే?" అని ఆటపట్టించారు.

రత్నవ్వ మాత్రం పత్రిక సంగతి ఎత్తలేదు. కూతురు చెప్పిందంతా విని, పసుపు పచ్చగా అంటిన చేతులు ఒళ్లో పెట్టుకుని, "సారు గట్లన్నడా? నువ్వు సక్కగ ఇన్నవా బిడ్డా?" అని అడిగింది. మూడు రోజుల్లో నాలుగుసార్లు అదే మాట అడిగింది. నాలుగోసారి కృప గట్టిగా ఏడ్చింది. ఇంక ఆమె అడగలేదు.

ఆ సాయంత్రం కృప మైదానానికి పోయింది. జయరాజ్ సారు చిన్నపిల్లల చేత వ్యాయామం చేయిస్తున్నాడు. ఆమెను చూసి పిల్లల్ని పంపించేశాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"కూసో కృపా."

ఆమె కూర్చోలేదు. "తేదీ ఎందుకు మార్చిండ్రు సార్?"

"రెండేండ్లే కదనే. అందరు చేస్తరు. నువ్వు దేశానికి ఆడాలెనని చేసిన. నా కోసం చేసుకున్ననా?"

"మరి ఫోన్ల గట్లెందుకన్నరు?"

సారు నేల చూశాడు. "నౌకరి పోతుండె. కేసు గిట్ల అయితే నా పిల్లలు రోడ్డు మీద పడ్తుండిరి. నువ్వు చిన్నదానివి. ఏడాదైతే మళ్ల ఆడుతవ్. నాకు మళ్ల నౌకరి ఎవడిస్తడు చెప్పు?"

కృప గొంతు చిన్నగానే వచ్చింది.

"గదే మాట నాకు ముందుగాల చెప్తే నేనే మీద ఏసుకుంటుంటి సార్. మా నాయన పెట్టె మోసినోళ్లు మీరు. మీరడిగితే కాదంటుంటినా? అడగకుంటనే నన్ను దొంగను చేసిండ్రు. కూలోళ్ల ఇల్లు, ఆశకు పోయింది అంటిరి. గా మాట ఎట్లొచ్చింది సార్ మీ నోట్లకెళ్లి?"

సారు కళ్లు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లు నిజమైనవే. అది చూస్తే ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

"తప్పు నాదని ఒక్క కాయితం రాసియ్యుండ్రి. పుణెకు పంపుత."

"గదొక్కటి అడగకు కృపా."

ఆమె వెనుదిరిగి వచ్చేసింది. తర్వాత బడి పెద్దసారు దగ్గరికీ పోయింది. రిజిస్టరులో ఎనభై తొమ్మిదే ఉంది. ఆయన అది చూశాడు, గంగాబాయి ఇచ్చిన పత్రం నకలు మీది చేతిరాతనూ గుర్తుపట్టాడు. గుర్తుపట్టీ, "బడి పేరు బద్నాం చెయ్యకమ్మా" అని రిజిస్టరు మూసేశాడు. గంగాబాయి పుణె నుంచి రెండు ఉత్తరాలు రాసింది. చాలా నెలలకు జవాబు వచ్చింది: సంతకం క్రీడాకారిణిది కనుక బాధ్యత ఆమెదే.

చర్చికి పోవడం కృప మానలేదు. మానితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని రత్నవ్వ అంది. హార్మోనియం మోగుతుంటే మాత్రం కృప నోరు మెదిపేది కాదు. ఆ ఏడు పసుపు సీజనంతా తల్లితోపాటు కూలికి పోయింది. తెల్లవారుజామున గుట్ట కింద ఒక్కతే ఉరికేది. ఎవరైనా వెనక అడుగుల చప్పుడు చేస్తే ఆగి, పక్కకు జరిగి, వాళ్లను ముందుకు పోనిచ్చేది.

నిషేధం ముగిసిన వారానికి గంగాబాయి ఫోను చేసింది. "ఆడోళ్ల జట్టు కడుతున్నరు. వయసు లొల్లి లేదు. వస్తవా?"

కృప పోయింది. ఎంపిక ఆటలో కాళ్లు ఎప్పటిలాగే ఉరికాయి కానీ, చెయ్యి వెనక్కు రాలేదు. పక్కన పిల్లలు బంతి కోసం అరుస్తున్నా, తానే పట్టుకుని ముగ్గురి కింద పడింది. మళ్లీ అంతే. నాలుగోసారికి గంగాబాయి ఆట ఆపించి దగ్గరికి పిలిచింది.

"ఎందుకిస్తలేవు?"

"ఇచ్చినంక పట్టుకుంటరో లేదో ఎట్ల తెలుస్తది మేడం?"

గంగాబాయి ఆమె మొహం వంక చూసింది. ఓదార్పు మాటలు చెప్పలేదు. "తెల్వది. తెల్వకుంటనే ఇయ్యాలె. ఇప్పుడైతే నిన్ను తీసుకోను. నెల రోజులు మా ఇంట్ల ఉండి ఆడు. అప్పుడు చూద్దాం" అంది.

ఉంది. నెల కాదు, మూడు నెలలు పట్టింది. ఆ ఏడాది చివర జట్టు బ్యాంకాక్ పోయినప్పుడు కృప పేరు అదనపు ఆటగత్తెల్లో ఉంది. పాస్‌పోర్టు దరఖాస్తులో ఎనభై తొమ్మిది అని తన చేత్తోనే రాసిచ్చింది. క్వార్టర్ ఫైనల్లో చివరి నాలుగు నిమిషాలు ఆడించారు. రెండుసార్లు బంతి అందుకుంది. ఒకసారి తానే ఉరికి పడింది. ఒకసారి వెనక్కు విసిరింది. అవతలి పిల్ల పట్టుకుంది. జట్టు ఎట్లాగూ ఓడిపోయింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం హాస్టలు నుంచి పక్కింటివాళ్ల ఫోనుకు చేస్తే రత్నవ్వ వచ్చింది. ఆట సంగతి, దెబ్బల సంగతి అడిగింది. తర్వాత కాస్త తటపటాయించింది.

"మొన్న ఐతారం చర్చి కాడ జయరాజ్ సారు కలిసిండు. కృప ఆడుతుందట కదా, మస్తు సంబురమైంది, నన్ను యాది చేస్తదా అని అడిగిండు. ఏమని చెప్పాలె బిడ్డా?"

యాదికి రాని రోజు లేదు. తండ్రి పెట్టె కింద వంగిన ఆ భుజం యాదికొచ్చిన ప్రతిసారీ ఫోనులోని ఆ గొంతు కూడా వెంటే వచ్చేది. ఒకటి లేకుండా ఇంకోటి రావడం మానేసి ఏడాది దాటింది.

"ఏం చెప్పకవ్వా" అంది కృప. "బువ్వ తిన్నవా?"