మోచేతిలో ఊడిన ముక్క

నొప్పులకు కొట్టే స్ప్రే వాసన తగిలితే చాలు, నాకు సత్యం మాస్టారు గుర్తొస్తారు. స్టీలు ప్లాంటులో ఉద్యోగం చేస్తూ, షిఫ్టు దిగగానే కంచరపాలెం వచ్చి మాకు జావెలిన్ విసరడం నేర్పేవారాయన. పదిహేనేళ్ళప్పుడు నేను జిల్లాలో మొదటి స్థానంలో నిలిచాను. ఇక రాష్ట్ర పోటీలే లక్ష్యమని రెండు పూటలా విసిరించారు. మోచేయి నొప్పిగా ఉందని రెండుసార్లు చెప్పాను. స్ప్రే కొట్టి, అదే సర్దుకుంటుందన్నారు.

పోటీలు మూడు వారాలున్నాయనగా, ఒక ఉదయం విసిరిన చేయి సగంలో బిగుసుకుపోయింది. ఎంత ప్రయత్నించినా చాపలేకపోయాను. మాస్టారే స్కూటర్ మీద ద్వారకా నగర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. కీలు లోపల చిన్న ఎముక ముక్క ఊడి అడ్డుపడిందని ఆమె స్కానింగ్‌లో చూపించింది. చేయి పెద్దగా కోయక్కర్లేదని, రెండు మూడు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో చూస్తూ తీసేయవచ్చని చెప్పింది. పోర్టులో క్రేన్ నడిపే నాన్న ససేమిరా అన్నాడు. ఆపరేషన్ తర్వాత చేయి మడవలేకపోయిన తోటి పనివాణ్ణి ఆయన రోజూ చూస్తున్నాడు. కట్టు కట్టిస్తే చాలని, ఈ ఆటే వద్దని తేల్చేశాడు.

ఆ సాయంత్రం మాస్టారు మా ఇంటికొచ్చారు. నాన్న కుర్చీ వేసినా కూర్చోలేదు.

"తప్పు నాది బావా. పిల్ల నొప్పని సెప్తే ఇనకుండా ఇసిరించాను. కోపముంటే నా మీద సూపించు. దాని సెయ్యి మాత్రం అలా ఒగ్గీకు."

 మర్నాడు నాన్న ఆసుపత్రిలో సంతకం పెట్టాడు.

ఆపరేషనయిన మర్నాడే ఇంటికొచ్చేశాను. చేయి పూర్తిగా చాపడానికి మాత్రం నెలలు పట్టింది. ఫిజియోథెరపీలో నేర్పిన వ్యాయామాలు మాస్టారు రోజూ పక్కన కూర్చుని చేయించారు. ఒకరోజు ఆగలేక జావెలిన్ అందుకుంటే, నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నారు.

"ఇదెక్కడికీ పోదమ్మా. సెయ్యి పోతే నాను తేలేను."

ఆ ఏటి పోటీలు పోయాయి. మరుసటి ఏడు విసిరి నాలుగో స్థానంలో నిలిచాను. పతకం రాలేదని నేను ఏడుస్తుంటే, ఆయన నా మోచేయి మడిచి, చాపి చూశారు. నొప్పి లేదన్నాక నవ్వారు.

ఇప్పుడాయన లేరు. గోపాలపట్నంలో నేనూ పిల్లలకు నేర్పుతున్నాను. పోయిన నెల ఒక అమ్మాయి భుజం నొప్పంటే, పోటీల తొందరలో రెండు రోజులు పట్టించుకోలేదు. మూడో రోజు వాళ్ళమ్మను పిలిచి, పొరపాటు నాదని చెప్పాను.  పిల్ల ముందే, పూర్తిగా చెప్పాను.