పెద్దబాపుకు సముద్రం చూపిద్దామనుకుంటే

ఆ రోజుల్లో నాకు సముద్రం మా సొంత ఆస్తి అన్నంత గర్వం ఉండేది. సిరిసిల్లలో పుట్టి, కోరుట్లలో అమ్మమ్మగారింట్లో సెలవులు గడిపి, జగిత్యాలలో డిగ్రీ చదివినవాడికి నీళ్లంటే ధర్మపురి దగ్గర గోదావరే. అలాంటివాడికి మొదటి ఉద్యోగం విశాఖపట్నంలో వచ్చింది. మందుల కంపెనీ సంచీ భుజాన వేసుకొని పొద్దున్నుంచి సాయంత్రం దాకా షాపుల మెట్లెక్కి దిగే పని. రాత్రికి కాళ్లు నావి కావేమో అనిపించేది. అయినా ఊరికి పోయినప్పుడు ఆ కాళ్లనొప్పుల సంగతి ఒక్క ముక్క ఎత్తేవాణ్ణి కాదు, సముద్రం గురించే చెప్పేవాణ్ణి. వినేవాళ్లు ఆవలించినా వదిలేవాణ్ణి కాదు. (ఆ సముద్రాన్ని నేనే దగ్గరుండి తవ్వించానని కొందరైనా అనుకొని ఉంటారు.)

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నన్ను పెంచి చదివించింది మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న. ఇంటి ముందరి గదిలో ఆయన సాంచాలు ఉండేవి. మరమగ్గాలను మా సిరిసిల్లలో అలాగే అంటాం. పగలు ఆయన నడిపేవాడు, రాత్రి జీతానికి పెట్టుకున్న మనిషి నడిపేవాడు. మేము ఆ చప్పుడులోనే తిని, ఆ చప్పుడులోనే చదివి, దాని మీద గొంతు పెంచి మాట్లాడి పెరిగాం. (మా ఇంట్లో ఎవరూ ఎవరికీ రహస్యం చెప్పుకోలేదు. చెప్పుకుంటే వీధి చివరి దాకా తెలిసేది.) అంత కష్టపడిన మనిషి జన్మలో ఒక్కరోజైనా పనీపాటా లేకుండా, కారులో కాళ్లు చాపుకొని కూర్చొని, సముద్రం చూడాలి. అది నేనే చూపించాలి. ఉద్యోగం వచ్చినప్పటినుంచి నాది ఇదే పట్టుదల. పిలిచినప్పుడల్లా ఆయన "సాంచాలు ఇడిసిపెట్టి యాడికస్తరా" అనేవాడు. ఒకసారి మాత్రం అడగ్గానే "సరే, అస్తం తియ్. గని ఒక్కదినమే" అన్నాడు. నా మాటకు ఇంట్లో విలువ పెరిగిందని మురిసిపోయాను.

గదిలో నాతో ఉండే మిత్రుడి కారు బతిమాలి తీసుకున్నాను. డ్రైవింగు అప్పుడప్పుడే నేర్చుకున్నవాణ్ణి. కారు కడగడం, ఎక్కడెక్కడ ఆపాలో చూసుకోవడం, ఇదే హడావిడిలో ముందురోజు నాకు సరిగా నిద్రే లేదు. పొద్దున్నే రైలు దిగిన పెద్దబాపును ముందు సీట్లో, పెద్దమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టి బీచిరోడ్డు పట్టాను. భీమిలి దాకా తాపీగా పోయి, తాపీగా రావాలని ప్లాను. మలుపు తిరగ్గానే కుడివైపు నీలంగా సముద్రం పరుచుకొని కనిపించింది. అద్దాలు దించి, సినిమా హాల్లో తెర లేపేవాడి దర్జాతో "సూడు పెద్దబాపు!" అన్నాను. అలల హోరు కారులోకి వచ్చింది. పెద్దబాపు "అబ్బా!" అన్నాడు. ఆ "అబ్బా"లో సగం ఆశ్చర్యం, మిగతా సగం ఆవలింత. నేను గేరు మార్చి తిరిగి చూసేసరికి ఆయన గడ్డం గుండెల మీద వాలిపోయి ఉంది.

రైలు అలసట కాబోలనుకున్నాను. రుషికొండ దగ్గర ఆపి, లేపి, చెయ్యి పట్టుకొని ఇసుకలోకి నడిపించాను. సముద్రాన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు, నేసిన గుడ్డలో తప్పు వెతికేటప్పుడు చూసినట్టు. "మంచిగున్నది" అన్నాడు. కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే గురక పెట్టాడు. పక్కనే ఉన్న పల్లీలమ్మే ఆవిడ కంగారుపడిపోయి "బాబూ, పెద్దాయనకేటైపోనాది? నీళ్లు కొట్టండి మొకం మీద!" అంది. పెద్దమ్మ సాంచాల ఇంటి గొంతుతో "ఏం గాలేదమ్మా, పంటున్నడు!" అని అరిచింది. అటుపక్క ఫొటోలు దిగుతున్న కొత్త జంట ఉలిక్కిపడి విడిపోయింది.

మళ్లీ కారెక్కాం. ఎర్రమట్టి దిబ్బల దగ్గర రోడ్డు కాస్త లోపలికి తిరిగింది, సముద్రం వెనక్కి పోయింది, హోరు ఆగింది. పెద్దబాపు ఒక్క ఉదుటున లేచి కూర్చొని, తలుపు గొళ్లెం వెతుక్కుంటూ "ఏమాయెరా? కరెంటు వోయిందా?" అన్నాడు.

నాకప్పుడు వెలిగింది. జీవితమంతా ఆయన సాంచాల మోత మీదే నిద్రపోయాడు. మోత నడుస్తున్నదంటే అంతా బాగున్నట్టు, పడుకోవచ్చు. ఆగిందంటే దారం తెగినట్టో కరెంటు పోయినట్టో, లేవాలి. సముద్రం ఆయన చెవికి వంద సాంచాలు ఆగకుండా నడిపే ఆసామిలా ఉన్నట్టుంది. సరే, దానికీ ఉపాయం ఉందనుకొని రోడ్డు మళ్లీ ఒడ్డుకు రాగానే అద్దాలన్నీ బిగించాను. ఈసారి పడుకోలేదు. కాసేపు చూసి "టీవీల సూసినట్టే ఉన్నదిరా. ఇంతదూరం రావాల్నా?" అన్నాడు. రోషం వచ్చి అద్దం దించాను. గురక. ఎక్కించాను. "గా పడవల చాపలు వడ్తరా?" దించాను. గురక. సముద్రాన్ని చూడనైనా చూస్తాడు, విననైనా వింటాడు, రెండూ కలిపి మాత్రం ఆయనకు చూపించలేకపోయాను.

భీమిలి చేరేసరికి మధ్యాహ్నమైంది. నా మెడ పట్టేసింది, చేతులు లాగుతున్నాయి, కళ్లలో ఇసుక పోసినట్టుంది. ఏడాదిగా కన్న కల నా పక్క సీట్లో నోరు తెరుచుకొని నిద్రపోతోంది. కడుపు మండిపోయింది. "ఏంది పెద్దమ్మా గిది? పండుకొనుటానికైతే సిరిసిల్లల జాగ లేదా? నేనెంత తక్లీఫ్ పడి కారు తెచ్చిన? లేపు, ఒక్క గంటసేపన్న లేపు!" అన్నాను.

పెద్దమ్మ లేపలేదు. ఆమె గొంతు తగ్గించి మాట్లాడటం నేను వినడం అదే మొట్టమొదటిసారి.

"లేపకు కొడుకా. సాంచాలు లెవ్విప్పుడు. ఆర్డర్లు లేక కూసున్నయి కూసున్నయి, ఆఖరికి తుక్కు కింద అమ్మినం. నీకు చెప్తే కొలువు ఇడిసిపెట్టి అస్తవని చెప్పద్దన్నడు. గప్పటిసంది ఇంట్ల సప్పుడు లేదు, ఈ మనిషికి నిద్ర లేదు. తెల్లార్లు అర్రల అటు ఇటు తిరుగుతనే ఉంటడు. ఇయ్యాల్నే చూస్తున్న గిట్ల పండుడు."

ఆ మధ్య ఫోన్లో ఆయన మాట చాలా స్పష్టంగా వినిపిస్తుంటే, నా కొత్త ఫోను మంచిదనుకున్నాను. వెనక సాంచాల చప్పుడు లేదన్న సంగతి నాకు తట్టనే లేదు. ఏడుపొచ్చింది. తర్వాత అద్దాలు నాలుగూ పూర్తిగా దించి, కారు వెనక్కి తిప్పి, ఒడ్డుకు ఎంత దగ్గరగా పోవచ్చో అంత దగ్గరగా, ఎడ్లబండి కూడా దాటిపోయేంత నెమ్మదిగా నడిపాను. వెనక బస్సులు హారన్లు కొట్టాయి, ఒక ఆటో అతను ఆగి మరీ తిట్టాడు. రోడ్డు లోపలికి తిరిగే చోట మాత్రం ఆయన లేవకుండా ఒకే పరుగున దాటించేశాను. విశాఖ వచ్చాక మళ్లీ భీమిలి వైపు తిప్పాను. అలా ఎటు పోతున్నామో పట్టించుకోకుండా పొద్దుగూకేదాకా అదే దారిలో తిరిగాం. వెనక సీట్లో పెద్దమ్మ కూడా పడుకుంది. సముద్రం చూసింది ఆ కారులో నేనొక్కణ్ణే, అదీ రోడ్డు మీంచి కన్ను మరలినప్పుడల్లా.

రైలు ఎక్కేటప్పుడు పెద్దబాపు మొహం కడిగినట్టు తేటగా ఉంది. "మస్తున్నదిరా మీ సముద్రం" అన్నాడు. నేను సాంచాల మాట ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

తర్వాత వారానికి ఆయనే ఫోన్ చేశాడు. ఆ కబురూ ఈ కబురూ అయ్యాక, కాస్త సిగ్గుపడుతూ, "అరే, సముద్రం మీదికి వోతే జర ఫోను గటు వట్టుకో" అన్నాడు. నా చవక ఫోనులోంచి పోతే అలల హోరు అలల్లా వినిపించేది కాదట, అచ్చం ముందరి గదిలో సాంచాలు నడిచినట్టే ఉండేదట. ఇక నాకు రోజూ అదే పని. షాపులన్నీ తిరిగి, చీకటి పడే వేళకు, సంచీ భుజానే ఉంచుకొని నీళ్ల దగ్గర నిలబడి ఫోను చాచి పట్టుకొనేవాణ్ణి. ఒకరోజు ఒకాయన వాకింగు ఆపి, ఆగలేక అడిగాడు.

"ఎవురితో బాబూ మాటాడతన్నావు?"

"మా పెద్దనాన్నతోనండి."

"మరేటీ మాటాడవేటి?"

"ఆయన పడుకుంటున్నాడండి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, కొంచెం దూరంగా జరిగి నడిచి పోయాడు.

ఇప్పుడు జగిత్యాలలో కుర్చీలో కూర్చొని చేసే ఉద్యోగం నాది. అయినా సాయంత్రానికి ఇంట్లో వాళ్లు పిలిస్తే పలికే ఓపిక ఉండదు. అప్పుడప్పుడు ఆనాటి నాలోని కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. కాళ్లు పీకుతున్నా, చెయ్యి నొప్పెడితే ఫోను ఇంకో చేతిలోకి మార్చుకుంటూ, అవతల గురక మొదలయ్యేదాకా అలాగే నిలబడేవాడు. పగలంతా అంత తిరిగాక, ఇంకొకరిని నిద్రపుచ్చే ఓపిక వాడికి ఎక్కణ్ణుంచి వచ్చేదో మరి.