నైట్ డ్యూటీ అట్ట

బెంగళూరులో ఉద్యోగం మానేసి మా అమ్మాయి గాజువాక వచ్చేసినప్పుడు దానికి ఇరవై నాలుగేళ్లు. జీతం బాగుంది, పని బాగుంది, నిద్రే పట్టడం లేదంది. డాక్టరు మందులు రాశాడు. చిన్నప్పటి సంగతేదైనా మనసులో ఉంటే ఇంట్లో చెప్పుకోమన్నాడట. మూడు వారాలు ఏమీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగింది.

"నాన్నా, మన తలుపుకి ఒక అట్ట ఉండేది, గుర్తుందా?"

గుర్తుంది. మా వీధిలో సగం ఇళ్లు ఉక్కు కర్మాగారం షిఫ్టులవే. రాత్రి పనిచేసి వచ్చినవాళ్లు పగలు పడుకుంటారు కాబట్టి గుమ్మానికి 'నైట్ డ్యూటీ' అని రాసిన అట్ట తగిలించేవారు. అది కనిపిస్తే కూరగాయలామె కూడా కేక వేయదు. నాది పత్రికలో వార్తలు దిద్దే రాత్రి డెస్కు. నేనూ ఒకటి రాసి తగిలించాను. నన్ను లేపకూడదన్నది మా ఇంటి చట్టం.

అమ్మాయికి తొమ్మిదేళ్లప్పుడు, దాని ఈడుదే, పక్కింటి పాప, వీధి చివర కడుతున్న ఇంటి నీళ్ల సంపులో పడి చనిపోయింది. అంతవరకే మాకు తెలుసు. ఆ పాప జారినప్పుడు మా అమ్మాయి పక్కనే ఉందని ఆ మధ్యాహ్నమే విన్నాను. అది ఇంటికి పరుగెత్తుకొచ్చింది. గుమ్మంలో బియ్యం ఏరుతున్న మా అమ్మ పెదవుల మీద వేలు పెట్టి, "ష్... నాన్న పడుకున్నాడు" అంది. అది గుమ్మం పక్కనే కూర్చుండిపోయింది, వీధిలో ఏడుపులు మొదలై నేను లేచేవరకు.

"నన్ను లేపాల్సింది కదా తల్లీ?" అన్నాను అమ్మాయితో. అనకుండా ఉండాల్సింది.

"నిన్ను లేపకూడదు కదా" అంది.

పాప పోయిన రోజు సాయంత్రం డెస్కులో ఆ వార్త నా చేతికే వచ్చింది. నాలుగు లైన్లు. 'ఆ సమయంలో అక్కడ ఎవరూ లేరు' అన్న వాక్యంలో అక్షర దోషం దిద్ది పంపాను.

నాకు చెప్పిన మర్నాడు, పాప తల్లికీ చెప్పి తీరాలంది అమ్మాయి. ఆవిడ పుండు రేపడం దేనికని వద్దన్నాను. నిజానికి భయం నాకు. అది వినలేదు. వెనకే వెళ్లాను. ఆవిడ వాకిట్లో చేపలు తోముతోంది.

"ఏటే, ఇలా సిక్కిపోనావు? బెంగళూరోల్లు కూడెట్టరేటి?"

అమ్మాయి మెట్టు మీద కూర్చుని అంతా చెప్పింది. "నేను అరిచుంటే బతికేది పిన్నీ."

ఆవిడ చేతిలోని చేపను గిన్నెలో పెట్టేసింది.

"బతికేదేమో" అంది. "నీకూ తొమ్మిదేల్లే కదే తల్లీ. అది ఒంటిగా పోనాదనుకున్నాను ఇన్నాల్లూ. పడేముందు ఏటి సేత్తంది?"

"నవ్వుతోంది. నా చెప్పులు బాగున్నాయని తనేసుకుంది."

"ఆ సెప్పులు నీవేటి? ఎవులివోనని దాసుంచేనే." ఆవిడ తడిచేతులతోనే దాన్ని దగ్గరికి లాక్కుంది. "సెప్పు. మా ఇంటికాడ్నించి బయల్దేరింది మొదలెట్టి సెప్పు."

అది చెబుతోంది. మధ్యలో ఒకసారి ఆవిడ నవ్వింది కూడా.

నేను గేటు దగ్గరే నిలబడ్డాను. ఆ రోజు చెప్పులు పారేసుకుని వట్టి కాళ్లతో వచ్చావని దాన్ని కొట్టింది నేనే. లోపలికి వెళ్లి ఆ మాట చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.