రాయమల్లు తలెత్తి చూడని మద్ది తోపు

విరూరు అడవి చౌకీలో గార్డు రాయమల్లుకు ఉన్న ఆస్తంతా ఒక రిజిస్టరు. ఎర్ర గుడ్డ అట్ట, చెమటకు నల్లబడ్డ మూలలు. అందులో సగం ఉర్దూ, సగం వంకర టింకర మరాఠీ. అలా ఎందుకంటే, పాపం, రాయమల్లు ఉన్నచోటునుంచి కదలకపోయినా ఊరే కదిలింది. కొలువులో చేరినప్పుడు విరూరు ఆదిలాబాదు జిల్లాలో, హైదరాబాదు రాజ్యంలో ఉండేది. యాభై ఆరులో బొంబాయి రాష్ట్రంలోకి పోయి నాందేడు జిల్లాలో పడింది. మూడేళ్లు తిరిగేసరికి దాన్ని తీసి చాందా జిల్లాలో కలిపారు. "పెండ్లాం ఒక్కతే, గుడిసె ఒక్కటే, జిల్లాలే మూడు!" అని రాయమల్లు అందరికీ చెప్పి నవ్వేవాడు.

రిజిస్టరు దేనికంటే, పువ్వుల కోసం. నైజాం కాలపు రేంజరు ఒకాయనకు అడవి పువ్వుల పిచ్చి ఉండేది. మరీ ముఖ్యంగా కోడికాళ్ల బదనిక. ఇంగ్లీషు చదివినవాళ్లు ఆర్కిడ్ అంటారు చూడండి, ఆ జాతి. దానికి మట్టి అక్కర్లేదు. కోడి కాళ్లలాంటి వేళ్లతో చెట్టు కొమ్మను పట్టుకుని బతుకుతుంది. ఎండాకాలంలో గోధుమరంగు గళ్ల పువ్వు, మధ్యలో ఊదారంగు నాలుక, ఆ వాసన ఉంది చూశారూ, ఆగి చూడకుండా పోలేరు. ఏ చెట్టు మీద ఉంది, ఏ దిక్కున పెరుగుతుంది, ఏ నెలలో పూస్తుంది, అన్నీ రాసిపెట్టమని ఆ రేంజరు చెప్పి పోయాడు.

పెంచే పద్ధతి కోసం ఆయన ఒక పుస్తకం కూడా చదివి వినిపించాడు. అదంతా ఎక్కడో మంచు కురిసే కొండల సంగతి. కుండీలో పెట్టు, నీడన ఉంచు, రోజూ పొద్దున నీళ్లు పోయ్ అని ఉంది. రాయమల్లు చంటిపిల్లను సాకినట్టు సాకాడు. పదకొండు మొక్కలు పెడితే పదకొండూ మొదలు కుళ్లి నల్లబడి చచ్చాయి.

ఇక నమ్మదగ్గ మనిషి ఒక్కతే మిగిలింది, లస్మవ్వ. కీళ్ల నొప్పులకు బదనిక నూరి కట్టే ముసలమ్మ. రాయమల్లు భార్య సత్తమ్మ మోకాళ్లు పట్టేసి మంచం దిగలేకపోతే, లేపి నడిపించింది ఆమె కట్టిన కట్టే. ఏటా వానలు పడగానే ఆమె బుట్టలో పచ్చటి బదనికలు తెచ్చేది. రాయమల్లు చేతిలో కలం పట్టుకుని అడిగేవాడు. "యాడ దొరికినయవ్వా?" ఆమె తడుముకోకుండా చెప్పేది. "వాగవతల గుట్టమీద. నేరేడు చెట్లకు." అలా ఏడేళ్లు చెప్పింది, ఏడేళ్లు రాశాడు. రెండుసార్లు గుట్టెక్కి చూశాడు కూడా. ఒక్కటీ కనిపించలేదు. అవ్వ ముందే తెంపుకుపోయి ఉంటుందిలే అనుకుని దిగొచ్చాడు.

యాభై తొమ్మిది చలికాలంలో చాందా ఆఫీసునుంచి కొత్త మరాఠీ రేంజరు వచ్చాడు. ముక్కుసూటి మనిషి. వాగుకు ఇవతల ఉన్న మద్ది తోపు ఆ ఏడాది నరకాలని ఉత్తరువు తెచ్చాడు. రాయమల్లు గాబరాగా రిజిస్టరు ముందు పెట్టాడు. రేంజరు పేజీ పేజీ తిరగేసి, హిందీలో ఒకటే మాటన్నాడు. ఇందులో బదనిక ఉందని రాసిన చెట్టు ఒక్కటీ నరకొద్దు, మిగతావాటికి నరికే ముద్ర నువ్వే కొట్టు, నీ రాత మీద నాకు నమ్మకం.

అబ్బ! ఆ రోజు రాయమల్లు నేల మీద నడిస్తే ఒట్టు. ఏడేళ్ల రాత ఒక చెట్టు ప్రాణం నిలబెట్టేంత బరువైందన్నమాట. రిజిస్టరు తెరిచి మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. బదనికలన్నీ వాగవతల గుట్టమీద. మద్ది తోపు పేరు మీద ఒక్క గీత లేదు. ఇంకేం, మూడు రోజులు ముద్రలు కొట్టాడు. చెట్టు మొదట్లో బెరడు గొడ్డలితో చెక్కడం, ముద్ర సుత్తెతో అచ్చు వేయడం, పక్క చెట్టుకు జరగడం. రెండు వందల పన్నెండు చెట్లు. నడుము వంచినవాడు వంచినట్టే ఉన్నాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తలెత్తి పైకి చూడలేదు.

రంపాలు దిగిన ఐదో రోజున లస్మవ్వ చౌకీకి పరుగెత్తుకొచ్చింది. అరవై దాటిన మనిషి, ఆయాసంతో ఎగశ్వాస.

"ముద్రలు కొట్టింది ఎవడ్రా?"

"నేనే అవ్వా. ఏమైంది?"

ఆమె అతని మణికట్టు పట్టుకుని బరబరా తోపులోకి ఈడ్చుకుపోయింది.

చూశాడు. పడిపోయిన మద్దుల తలలు నేలమీద అతని కళ్లెదురుగా ఉన్నాయి. ఆ కొమ్మల పంగల్లో, వంపుల్లో, ఎక్కడ చూస్తే అక్కడ బదనికలు! విరిగినవి, నలిగినవి, వేళ్లు తెగి తలకిందులుగా వేలాడుతున్నవి. పుట్టి బుద్ధెరిగాక అన్ని బదనికలు ఒక్కచోట చూడలేదు రాయమల్లు. ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. దాని వేళ్లకు మొసలి తోలులా గళ్లు గళ్లుగా పగిలిన నల్లటి బెరడు అంటుకుని ఉంది. అదే బెరడు! ఏడేళ్లుగా లస్మవ్వ బుట్టలో ప్రతి మొక్కకూ అంటుకుని వచ్చిన బెరడే. నేరేడు బెరడు అలా ఉండదని అడవి గార్డుకు తెలియదా? తెలుసు. కళ్లు చూశాయి, కలం మాత్రం నేరేడని రాసింది. ఎంత పని చేశాడు!

"అవ్వా, నాకు గుట్టమీద అని చెప్తివి గదా! నాతోని గూడ అబద్ధమాడితివా?"

లస్మవ్వ అతనికంటే ఎక్కువ బిత్తరపోయింది. "అబద్ధమేందిరా? చెట్టుమందు దొరికే జాగ చెప్తే ఆ మందు గుణం పోదా? అడిగినోళ్లకు ఇంకో జాగనే చెప్తరు. మా అవ్వ గట్లనే చెప్పింది, మీ అవ్వ గట్లనే చెప్పింది. నువ్వు మనోనివి గదా, ఎరుకుంటదనుకున్న. నువ్వు నిజమనుకోని రాస్తవని నాకేమెరుక కొడుకా!"

నిజమే. రాయమల్లు చిన్నతనంలో అతని సొంత అవ్వ తేలుమందు వేరు ఎక్కడిదని అడిగినవాళ్లను ఊరికి అటువైపు చూపించి, తను ఇటువైపు పోయేది. పక్కనే నిలబడి కిసుక్కున నవ్వింది ఈ రాయమల్లే. మరాఠీ రేంజరుకు తెలియదంటే అర్థముంది. తనకేమైంది? రిజిస్టరు చేతికి రాగానే పుట్టి పెరిగిన ఇంటి పద్ధతే మరిచిపోయాడా? కూలబడి నెత్తి పట్టుకున్నాడు.

తరువాత లేచి పరుగెత్తి, రేంజరు కాళ్లావేళ్లా పడి రంపాలు ఆపించాడు. అప్పటికి నిలబడి ఉన్నవి నలభై ఒక్క చెట్లు. సంజాయిషీ కాగితంలో తప్పంతా తనదేనని రాసి ఇచ్చాడు. లస్మవ్వ పేరు రానివ్వలేదు.

ఆ సాయంత్రం లస్మవ్వ తనంతట తానే చౌకీకి వచ్చి అరుగుమీద కూచుంది. "కలం తియ్యి" అంది. రాయమల్లు వద్దన్నాడు. "చెప్తే నీ మందు పోతది గదవ్వా."

"చెట్టే పోతే మందేడిది? రాసుకో."

ఒక్కొక్క జాగా చెప్పింది. చెప్పిన ప్రతిసారీ తన చేతుల వంక ఒకసారి చూసుకుంది. పెంచే పద్ధతీ చెప్పింది. కుండీ పెట్టొద్దు, మట్టి తగలొద్దు. పాత చీర పేలికతో మద్ది కొమ్మకు కట్టాలి, పొద్దటి ఎండ తగిలే దిక్కున. దసరా దాటితే చుక్క నీళ్లు పోయొద్దు, వాన చూసుకుంటుంది. రాయమల్లు రాశాడు. మరునాడు నేలబడ్డ బదనికల్లో ప్రాణమున్నవి ఏరి, ఆమె చెప్పినట్టే చౌకీ ముందరి మద్దికి కట్టాడు.

ఆ తరువాత ఇరవయ్యేళ్ల కొలువులో రాయమల్లు అడవిలో తలెత్తకుండా నడిచిందే లేదు. మెడ నొప్పి పుట్టినా సరే. పిల్లలు అతని వెనక మెడలు సాచి నడుస్తూ వెక్కిరించేవాళ్లు.

కట్టిన బదనికలు మూడో ఎండాకాలం పూశాయి. రాయమల్లు సంబరం పట్టలేక లస్మవ్వను పిలుచుకొచ్చాడు. ఆమె తలెత్తి చాలాసేపు చూసింది, వాసన పీల్చింది. అప్పటికి సత్తమ్మ మోకాళ్లు మళ్లీ పట్టేసి ఏడాది దాటింది. రాయమల్లు నసుగుతూ అడిగాడు. "అవ్వా, ఒక్క కట్టు కట్టరాదూ సత్తమ్మకు? ఆకు తెంపిస్త."

లస్మవ్వ తల అడ్డంగా ఊపింది. చాందా నుంచి బండి కట్టుకుని వచ్చినవాళ్లను కూడా ఈ మూడేళ్లు ఆమె ఉత్తచేతులతోనే పంపించింది.

"నా చేతిల ఇంకేమున్నది కొడుకా? గుణమంతా నీ బుక్కుల పోసిన."

సత్తమ్మ కర్ర పట్టుకుని చెట్టు దాకా వచ్చి, పువ్వు వాసన చూసి, మెల్లగా లోపలికి నడిచింది.